దానిమ్మ రంగు గీత

మేస్త్రమ్మ షెడ్డుకు బోర్డు లేదు. అవసరం రాలేదు. బండి ఆగిపోయినవాడు ఆ పేటలో ఎవరిని అడిగినా చెయ్యి అటే చూపిస్తారు. ఆడమనిషి స్పానరు పట్టడమేమిటని ఒకప్పుడు ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు అదే వేలితో దారి చెబుతారు. అందుకు ఆమెకు కోపమూ లేదు, మొహమాటమూ లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో సత్తువ ఎంతో నోట్లోనూ అంతే. పని ముగించి బానెట్ మూసిన ప్రతిసారీ దాని మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "నేను బిగించింది ఊడదు" అంటుంది. పాతికేళ్ళుగా అంటోంది. విన్నవాళ్ళు నమ్మారు. అందరికంటే ఎక్కువ ఆమే నమ్మింది.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. ముఖ్యమైన బోల్టు ఏది బిగించినా, దాని తల మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి గోళ్ళరంగుతో సన్నటి గీత ఒకటి గీస్తుంది. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగిపోతుంది. చూడగానే తెలిసిపోతుంది. ఆ గోళ్ళరంగు వెనక ఒక కథ ఉంది. అన్నకు పెళ్ళయిన కొత్తలో వదిన ఈ గ్రీజు చేతుల ఆడపడుచును మంచి చేసుకుందామని ముచ్చటపడి, దానిమ్మ గింజ రంగు సీసాలు అరడజను తెచ్చి ఇచ్చింది. ఆడపడుచు వాటిని ఒక్కరోజైనా గోళ్ళకు పెట్టుకోలేదు. నెల తిరక్కుండానే ఒక ఇంజను దగ్గరికి తీసుకెళ్ళి, "నువ్విచ్చింది ఎంత బాగా వాడుతున్నానో చూడు వదినా" అని చూపిస్తే, వదినకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రంగు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. మిగిలిన ఆఖరి సీసాలో రంగు చిక్కబడిపోతే నాలుగు చుక్కలు థిన్నరు కలిపి నెట్టుకొస్తోంది.

ఆ పొద్దున షెడ్డు మధ్యలో నిలబడి ఉన్న కారు ఆ వదినదే.

ముప్ఫై ఏళ్ళు దాటిన మీగడ రంగు కారు. దానితో వదిన ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతుంది. పద్దెనిమిదేళ్ళలో నాలుగు వందల మందికి పైగా నేర్పింది. నేర్చుకోనిది ఒక్క మొగుడే. కళ్ళజోళ్ళ షాపు పెట్టుకుని లోకానికంతా చూపు సరిచేసే ఆ అన్నకు, రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే కళ్ళు మూసుకునే అలవాటు. అతణ్ణి వదిన మొదటి పాఠంలోనే ఫెయిల్ చేసి దింపేసింది.

కొత్త కారు కొనుక్కోమని ఎందరు చెప్పినా వదిన వినదు. కారణం స్టీరింగు. దాని మెడలో ఒక కీలు ఉంటుంది. ఇండికేటరు పుల్ల పక్కనున్న చిన్న మీట లాగితే చక్రం టకటకమంటూ మెట్టుమెట్టుగా పైకి లేస్తుంది, కిందికి వాలుతుంది. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, ఎవరొచ్చినా సరే, మొదటిరోజు వదిన ఇంజను స్టార్ట్ చెయ్యనివ్వదు. కూర్చోబెట్టి, ఆ మీట చేతికిచ్చి, చక్రాన్ని వాళ్ళ ఒంటికి తగ్గట్టు వాల్చుకోమంటుంది. "నువ్వు చక్రం దగ్గరికి పోవద్దు. చక్రమే నీ దగ్గరికి రావాలి" అంటుంది. ఆ ఒక్క మాటతో సగం భయం దిగిపోయేదని నేర్చుకున్నవాళ్ళు చెబుతారు.

పది రోజుల కిందట ఆ చక్రం ఎవరూ పిలవకుండానే దగ్గరికొచ్చింది. మందుల షాపు నడిపే ఒకావిడ బండి తోలుతోంది. వదిన పక్కన కూర్చుంది. గడియారం స్తంభం మలుపు తిరుగుతుండగా చక్రం ఒక్కసారిగా జానెడు కిందికి వాలి ఆవిడ తొడల మీద పడింది. బండి తిరగడం తిరిగింది కానీ, పక్కన కూర్చున్న మనిషి గుండె జారిపోయింది. వదిన తన కాలి దగ్గరున్న రెండో బ్రేకు తొక్కి ఆపేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మందుల షాపావిడ దిగి, సీసాడు నీళ్ళు గడగడా తాగి, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు టీచర్?" అని అడిగింది. గట్టి మనిషి. భయపడింది ఆవిడ కాదు. వదిన.

ఆ రోజు నుంచి వదిన ఏ కారు చక్రమూ ముట్టుకోలేదు. చివరికి మేస్త్రమ్మే వెళ్ళి, వాలిపోయే చక్రానికి మోకాలు దన్నుపెట్టి, నత్తలా నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చింది.

"ఇది ఈలాయన పనే" అంది మేస్త్రమ్మ, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపుతూ. ఊడబోయే పాలపన్నులా అది నాలుగు వైపులా కదిలింది. "వాడు తప్ప ఇంకెవడు చేస్తాడు ఇంత దరిద్రంగా!"

ఈలాయన అంటే ఊరవతల ఇంకో షెడ్డు నడిపే మెకానిక్. పొద్దస్తమానం ఈల వేస్తాడు. మూడేళ్ళ కిందట మేస్త్రమ్మ మణికట్టు విరిగి రెండు నెలలు షెడ్డు మూసినప్పుడు, వదిన కారుకు ఇండికేటరు స్విచ్చి మార్చింది అతనే. ఆ స్విచ్చి కోసం స్టీరింగు మెడ అడుగుదాకా పోనక్కర్లేదని మేస్త్రమ్మకు తెలియక కాదు. కోపంలో ఉన్నప్పుడు తెలిసిన విషయాలు కూడా మొహం చాటేస్తాయి. ఫోన్ తీసి అప్పుడే అతనికి కొట్టింది.

"ఏమయ్యా, మా వదిన కారు స్టీరింగుని ఏం చేసి చచ్చావ్?"

"ఇండికేటరు మార్చానమ్మా. అంతే."

"అంతేనా? మనుషులు చచ్చేవాళ్ళు తెలుసా! చేతకానప్పుడు ముట్టుకోకూడదు. నా దగ్గరికి పంపాలి."

"నీ చెయ్యి అప్పుడు కట్టులో ఉంది కదమ్మా" అన్నాడతను మెత్తగా. "విప్పి చూడు. తప్పు నాదైతే నేనే వచ్చి నీ ముందు బిగించి పోతా." ఆపైన ఈల వినిపించింది. మేస్త్రమ్మ ఫోన్ పెట్టేసింది.

షట్టరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న వదిన ఇదంతా విననట్టే ఉంది. ఒళ్ళో ఒక అట్టముక్క పెట్టుకుని, లావుపాటి పెన్నుతో ఏదో రాస్తోంది.

"ఏంటి వదినా అది?"

"ఏం లేదులే. నీ పని నువ్వు చూసుకో."

మేస్త్రమ్మ వంగి చూసింది. 'ఇకపై డ్రైవింగ్ నేర్పబడదు' అని గుండ్రటి అక్షరాలు.

"పేషెంటు బల్ల మీదుండగానే సమాధికి రాయి చెక్కిస్తున్నావా?"

"కారు నువ్వు బాగుచేస్తావని నాకు తెలుసమ్మాయ్. బాగుచెయ్యలేనిది నన్ను." వదిన పెన్ను మూత పెట్టింది. "నువ్వు ఆ ఈలాయన్ని ఊరికే తిడుతున్నావ్. చేసింది నేను. ఏడాదిగా మోకాళ్ళు పనిచెయ్యట్లేదా, దిగేటప్పుడల్లా ఆ చక్రం పట్టుకునే వేలాడి లేచాను. రోజుకి పదిసార్లు. ఇంత బరువు పడితే ఏ ఇనుము ఆగుతుంది? నా చేత్తో నేనే దాన్ని వదులు చేసి, ఆ పిల్లని కూర్చోబెట్టి నడపమన్నాను."

"అవేం మాటలు వదినా!"

"ఎదురుగా బస్సొచ్చి ఉంటే?"

మేస్త్రమ్మ బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ విప్పింది. తర్వాత కారులో దూరింది.

ముందు హారన్ మూత వచ్చింది. దాని కింద పెద్ద నట్టు. చక్రం మళ్ళీ అదే కోణంలో కూర్చోవాలి కాబట్టి, చక్రానికీ నడిమి కడ్డీకీ కలిపి సుద్దతో ఒక గుర్తు పెట్టుకుంది. నట్టు విప్పి, చక్రాన్ని పైకి లాగే పుల్లరు తగిలించి తిప్పితే, చక్రం మూలుగుతూ మూలుగుతూ చివరికి టప్పున ఊడి ఒళ్ళోకి వచ్చింది. దాన్ని పక్క సీటులో పెట్టింది. ఆ తర్వాత, తాళంచెవి తీస్తే చక్రం తిరక్కుండా పట్టే తాళం పళ్ళెం. దాన్ని కిందికి నొక్కిపట్టే పనిముట్టు బిగించి, సన్నటి రింగును స్క్రూడ్రైవరు మొనతో లేపాలి. ఆ రింగు ఎగిరిందంటే షెడ్డంతా పాకుతూ వెతుక్కోవాలి. ఎగరలేదు. మేస్త్రమ్మ చేతి కింద రింగులు ఎగరవు.

తీసిన ప్రతి సామానూ నేల మీద పరిచిన పాత దుప్పటి మీదికి వెళ్తోంది, ఎడమ నుంచి కుడికి, తీసిన వరుసలోనే. స్ప్రింగు, ఇండికేటరు స్విచ్చి, దాని మూడు స్క్రూలు, తాళంచెవి గొట్టం. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తే చాలు. దుప్పటిని ఎవరూ దాటకూడదని షెడ్డులో శాసనం. ఆమె అన్న ఫ్లాస్కులో టీ పట్టుకుని అప్పుడే వచ్చి, దుప్పటి చూసి, గోడకు అతుక్కుని పీతలా పక్కగా నడిచాడు.

వదినకు కప్పు అందించి, కారు కిటికీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"కారు సంగతి సరేగానీ చెల్లీ, మీ వదిన పది రోజులుగా నిద్రపోవట్లేదే. పడుకుని రెండు చేతులూ పైకెత్తి చూసుకుంటుంది. నేను చూస్తే దుప్పట్లో పెట్టేసుకుంటుంది. మోకాళ్ళు పోతే పోయాయి, చేతుల మీద కూడా నమ్మకం పోయిందంటోంది. ఆ అట్ట ఇవాళ గేటుకి కట్టేస్తుందట. కట్టిందంటే మళ్ళీ విప్పదు. నీకు తెలుసుగా దాని సంగతి."

"కట్టదు" అంది మేస్త్రమ్మ.

"అంత ధైర్యంగా ఎలా చెప్తున్నావ్?"

"విప్పి చూపిస్తాగా. ఈలాయన ఏ బోల్టు వదిలేశాడో చేతిలో పెట్టి చూపిస్తే, తప్పు తనది కాదని ఎందుకు నమ్మదు? వదిన మాటలు నమ్మే రకం కాదు. బోల్టు నమ్ముతుంది."

అన్న తల ఊపి, వచ్చినట్టే పీతలా షాపుకు వెళ్ళిపోయాడు.

మేస్త్రమ్మ మళ్ళీ పనిలో దిగింది. వాల్చే మీట తీసింది. మెడ కీలును పైకి తన్నిపెట్టే లావు స్ప్రింగును, మూతి మీదికి ఎగరకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా వదిలింది. ఇక మిగిలినవి రెండు పక్కలా రెండు కీలుమేకులు. వాటికి లాగే మర బిగించి ఒక్కోదాన్నీ బయటికి రప్పించింది. అవి రాగానే స్టీరింగు తలకాయ మొత్తం చేతిలోకి వచ్చేసింది. దాని అడుగున, గొట్టం లోతులో, మెడను ఒంటికి పట్టి ఉంచే నాలుగు బోల్టులు ఉంటాయి. నక్షత్రం ఆకారపు తలలు. మామూలు స్పానరుకు లొంగవు. అసలు జబ్బు ఎప్పుడూ అక్కడే.

టార్చి పళ్ళ మధ్య పట్టుకుని లోపలికి చూసింది.

నాలుగూ వదులుగా ఉన్నాయి. ఒకటైతే వేలితోనే తిరిగింది. "అనుకున్నా" అని గొణిగి, ఆ బోల్టును వేళ్ళతోనే విప్పి వెలుగులోకి తెచ్చింది.

బోల్టు మరల్లో ఎర్రటి పొలుసులు.

తుప్పు అనుకుంది. తుప్పు ఇలా మెరవదు. గోటితో గీరితే రేకులా లేచింది. దానిమ్మ గింజ రంగు. లోపలి గ్రీజు గుడ్డతో తుడిచి, మళ్ళీ టార్చి వేసి చూసింది. మిగతా మూడు బోల్టుల తలల మీదా సన్నటి గీతలు, పక్క ఇనుము మీద వాటి మిగతా సగాలు. తెగిపోయి, ఒకదానికొకటి దూరంగా.

ఆరేళ్ళ కిందటి వానాకాలం గుర్తొచ్చింది. తాళం తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ అవడం లేదని వదిన వచ్చింది. తాళం తిప్పితే స్టార్టరు స్విచ్చిని కదిలించే, మెడ లోపలి పళ్ళకడ్డీ విరిగింది. అది మార్చడానికి మేస్త్రమ్మ అడుగుదాకా విప్పింది. తిరిగి బిగించేటప్పుడు మర జిగురు సీసా ఖాళీ. బోల్టు అదురుకు వదులవకుండా మరల్లో వేసే ఆ జిగురు కొట్టుకెళ్ళి తెచ్చుకోవాలి. బయట కుండపోత. వదిన గంటకోసారి ఫోన్ చేస్తోంది, మర్నాడు ఇద్దరమ్మాయిలకు లైసెన్సు పరీక్ష ఉందని. ఇనుముకు జిగురేమిటి, చేతిలో బలం లేనివాళ్ళు పూసుకుంటారు అనుకుని, చేతికందిన గోళ్ళరంగే మరల్లో పూసి, బలమంతా పెట్టి బిగించి, పైన గీతలు గీసి, బానెట్ మీద చరిచింది. ఆ తర్వాత అరచెయ్యి తుడుచుకున్నంత తేలిగ్గా ఆ సంగతి మరిచిపోయింది.

అంటే ఇందాకటి నుంచి తిట్టింది తనను తానే. చేతకానప్పుడు ముట్టుకోకూడదని అన్నది తన గురించే. తేలు కుట్టిన దొంగలా ఆమె కారులో కదలకుండా కూర్చుంది. జీవితంలో మొదటిసారి అరచేతులకు చెమట పట్టింది. ప్యాంటుకు తుడుచుకుంది. మళ్ళీ పట్టింది.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఈ లోతు ఇంకెవరి కంటికీ ఆనదు. తీగల బ్రష్షుతో నాలుగుసార్లు గీకితే ఎర్రరంగు పోతుంది. జిగురేసి బిగిస్తే కారు రాయిలా నిలుస్తుంది. ఈలాయన ఎలాగూ నోరున్నవాడు కాదు. పాతికేళ్ళ పేరు పాతికేళ్ళ పేరుగానే ఉంటుంది. ఇదంతా ఆమె అనుకోలేదని చెబితే అది అబద్ధం. అనుకుంది. బ్రష్షు కోసం చెయ్యి కూడా చాపింది.

అద్దంలో వదిన కనిపించింది. టీ కప్పు పక్కన చల్లారిపోతోంది. అట్టకు రెండు పక్కలా మేకుతో బెజ్జాలు పొడిచి, అందులోంచి దారం లాగుతోంది. నాలుగు వందల మంది చేతులకు ధైర్యం చెప్పిన చేతులు, బెజ్జంలో దారం ఎక్కించడానికి వణుకుతున్నాయి. మేస్త్రమ్మ బ్రష్షు ముట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. తనకు వదినంటే ఎంత ప్రాణమో ఆ క్షణంలో తెలిసింది. ఇన్నాళ్ళూ ఆటపట్టించడంలోనే సరిపోయింది.

"వదినా, ఇలా రా."

"నేను కారెక్కను."

"ఎక్కొద్దు. కిటికీ దగ్గరికి రా."

వదిన మోకాళ్ళ మీద చేతులు మోపి లేచి వచ్చింది. మేస్త్రమ్మ అరచెయ్యి చాపింది. మధ్యలో బోల్టు.

"ఇది మెడని పట్టి ఉంచే బోల్టు. ఇలాంటివి నాలుగు. అన్నీ వదులే. మరల్లో ఏముందో చూడు."

వదిన కళ్ళజోడు సర్దుకుని వంగింది. మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత వేలితో ఆ ఎర్రటి పొలుసును ముట్టుకుంది.

"ఇది... నేను నీకిచ్చిన రంగు."

"ఆ. ఆరేళ్ళ కిందట జిగురు లేకపోతే దీన్నే పూసి బిగించాను. పొగరు. అదురుకి ఎప్పుడో వదులవడం మొదలైంది. ఇవి సరిగ్గా ఉంటే నీలాంటివాళ్ళు నలుగురు కలిసి వేలాడినా చక్రం కదలదు. తప్పు నీ మోకాళ్ళది కాదు, చేతులది కాదు, ఈలాయనది కాదు. నాది."

వదిన ఆ బోల్టును తన చేతిలోకి తీసుకుంది.

"పది రోజులు" అంది నెమ్మదిగా. "పది రోజులు నా చేతులు నరుక్కోవాలనిపించింది నాకు. తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది. తిట్టు వదినా."

"తిట్టను." ఒళ్ళు మండి, వదిన బోల్టును గుప్పిట్లో బిగించింది. "తిడితే నీకు తేలికైపోతుంది. ఎప్పుడు చూసినా నేను బిగించింది ఊడదు, నేను బిగించింది ఊడదు! ఆ మాటే నమ్మి, ఏదైనా ఊడిందంటే అది నా తప్పే అయ్యుంటుందనుకున్నాను. ఒక్కసారైనా నీ పనేమో చూడమని అడగలేదు, చూశావా? అదీ నీ మాట చేసిన పని!"

ఈ దెబ్బకు మందు మేస్త్రమ్మ పనిముట్ల పెట్టెలో లేదు.

వదిన వెళ్ళి స్టూలు తెచ్చింది. కారు తలుపు పక్కన వేసుకుని కూర్చుంది.

"బిగించు" అంది. "నేను చూస్తుంటా."

అలా మేస్త్రమ్మ పాతికేళ్ళ తర్వాత ఒకరి కళ్ళ ముందు పరీక్ష రాసినట్టు పనిచేసింది. వదిన చేతిలోది తీసుకుని, మిగతా మూడు బోల్టులూ విప్పింది. మరలను బ్రష్షుతో గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, బెజ్జాల్లోనూ తుడిచింది. కొత్త జిగురు సీసా మూత విప్పి వదినకు చూపించింది. "చూడు, నిండుగా ఉంది." ఒక్కో బోల్టుకు చుక్క చొప్పున వేసి, ముందు నాలుగింటినీ చేత్తో తిప్పి కూర్చోబెట్టింది. తర్వాత కొలతరెంచి తీసుకుంది. కావలసినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. ఆ చప్పుడుకు ముందు ఆపకూడదు, తర్వాత తిప్పకూడదు. ఎదురెదురు బోల్టులు జతగా బిగించుకుంటూ వచ్చింది. టక్. టక్. టక్. నాలుగోదానికి వదినే అడిగింది, "మోగిందా?" అని.

"మోగలేదు. ఇంకొంచెం." టక్. "ఇప్పుడు మోగింది."

గోళ్ళరంగు సీసా తియ్యబోతే వదిన చెయ్యి అడ్డం వచ్చింది.

"ఇటివ్వు. గీత నేను గీస్తా."

"లోతుగా ఉంటుంది వదినా, చెయ్యి నిలకడగా ఉండాలి."

"అందుకే ఇవ్వమంటున్నా."

స్టూలు మీద నుంచి కారు లోపలికి వంగి, చిట్టి బ్రష్షును గొట్టం లోతులోకి దించింది. మేస్త్రమ్మ టార్చి పట్టింది. ఒక గీత. రెండు. మూడోది గీస్తుండగా టార్చి వెలుగు ఊగింది. "నువ్వు సరిగ్గా పట్టు" అంది వదిన, తలెత్తకుండా. నాలుగు గీతలూ దారంలా తిన్నగా పడ్డాయి. వదిన బ్రష్షు బయటికి తీసి, తన వేళ్ళను ఒకసారి తిప్పి చూసుకుంది. వాటిని ఎక్కడా దాచుకోలేదు.

జిగురు ఆరేవరకు మేస్త్రమ్మకు ఇంకో పని ఉంది. ఫోన్ తీసింది.

"విప్పాను" అంది. "నీది కాదు. నాదే తప్పు."

"ఏంటమ్మా? లైను సరిగ్గా లేదు" అన్నాడు ఈలాయన.

"తప్పు నాదే అంటున్నా!"

"ఎవరిది?"

మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి వదిన పెదవి బిగబట్టి మొహం తిప్పుకుంది. ఫోన్ పెట్టేసే ముందు అతను వేసిన ఈల షెడ్డంతా వినిపించింది.

తర్వాత దుప్పటి మీది వరుస కుడి నుంచి ఎడమకు తరిగిపోతూ వచ్చింది. కీలుమేకులు, స్ప్రింగు, మీట, తాళం గొట్టం, స్విచ్చి, పళ్ళెం, రింగు. సుద్ద గుర్తులు కలిపి చక్రం కూర్చోబెట్టి నట్టు బిగించింది. బ్యాటరీ తీగ కలిపింది. హారన్ మోగింది. చక్రాన్ని పట్టుకుని ఊపితే, చక్రంతో పాటు కారే ఊగింది. మీట లాగితే టకటకమని ఏడు మెట్లూ దిగి, ఏడు మెట్లూ ఎక్కింది. దుప్పటి మీద ఏమీ మిగల్లేదు. బానెట్ మూసి, అలవాటు కొద్దీ దాని మీద చరచబోయి, చెయ్యి మధ్యలోనే ఆపుకుంది.

"ఏం, ఆ మాట అనవా?" అంది వదిన.

"అనను. ఒక్కటి మాత్రం చెప్తా. ఇంకోసారి ఇది కదిలితే నీ మోకాళ్ళని అడగొద్దు, నన్నడుగు."

వదిన కారు చుట్టూ తిరిగి వచ్చింది. డ్రైవరు తలుపు దగ్గర ఆగింది. వదిన ఎక్కి కూర్చుంది. మీట లాగింది. చక్రాన్ని మూడు మెట్లు కిందికి దించి, తన దగ్గరికి తెచ్చుకుంది.

"నువ్వు ఇటు ఎక్కు" అంది పక్క సీటు చూపిస్తూ.

"ఎక్కడికి?"

"ఎక్కమన్నాను."

కారు వీధిలోకి వచ్చింది. తిన్నని రోడ్డు మీద బాగానే నడిచింది. గడియారం స్తంభం దూరంగా కనిపించేసరికి మేస్త్రమ్మ సీటులో ముందుకు జరిగింది. నాలుగు బోల్టులూ మనసులో మళ్ళీ బిగించుకుంది. టక్, టక్, టక్. నాలుగోది మోగిందా? మోగింది. వదినే అడిగింది కదా. ఎదురుగా బస్సు ఒకటి వస్తోంది. ఆమె ఎడమచెయ్యి తనకు తెలియకుండానే తలుపు పిడిని పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి.

వదిన ఇండికేటరు వేసింది. ఓరగా పిడి వైపు చూసింది.

"భయమేస్తోందా?"

మేస్త్రమ్మ రెండో చేత్తో సీటు అంచు కూడా పట్టుకుంది.

"భయమెందుకే? నువ్వు బిగించిందేగా!"

అంటూనే మలుపు తిప్పింది. చక్రం ఆమె చేతుల్లో ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి గుండ్రంగా తిరిగి, తిరిగి తన చోటికొచ్చింది. బస్సు పక్క నుంచి వెళ్ళిపోయింది. మేస్త్రమ్మ పిడి వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అద్దం కిందికి దించి బయటికి చూస్తూ కూర్చుంది.

మందుల షాపు ముందు వదిన బండి ఆపింది. దిగడానికి కాళ్ళు బయట పెట్టి, చక్రం జోలికి పోకుండా తలుపు చట్రం మీద చెయ్యి వేసింది. ఆగింది. చెయ్యి తీసి చక్రం పట్టుకుంది. రెండో చెయ్యీ వేసింది. ఒంట్లో బరువంతా దాని మీద మోపి, "అమ్మయ్యా" అంటూ లేచి నిలబడింది. చక్రం చలించలేదు.

షాపు మెట్టు ఎక్కకముందే లోపలికి కేకేసింది.

"ఏమ్మా, రేపు పొద్దున ఆరింటికి సిద్ధంగా ఉండు! ఆ మలుపు దగ్గరే మొదలుపెడదాం."